బావగారి జాగ్రత్త

మా బావ ఏదైనా వస్తువును జాగ్రత్త చేశాడంటే ఇక ఆ వస్తువు మీద ఆశ వదులుకోవాల్సిందే. మా ఇళ్ళల్లో ఆ మాటకు అర్థమే మారిపోయింది. గొడుగు ఏదని అడిగితే "ఎక్కడో పోయింది" అన్నారనుకోండి, వెతికితే దొరకొచ్చు. "మీ బావ జాగ్రత్త చేశారు" అన్నారంటే మాత్రం తడుస్తూ వెళ్ళడమే. ఒకసారి కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని టార్చిలైటు జాగ్రత్త చేశాడు. కరెంటు పోయింది. ఇంటిల్లిపాదీ కొవ్వొత్తులు పట్టుకుని టార్చిలైటు కోసం వెతికారు. ఇంటి రెండో తాళం చెవి సంగతి ఇంకా గొప్పది. దాన్ని ఇంట్లోనే ఒక భద్రమైన చోట పెట్టి, మొదటి చెవిని టేబుల్ మీద మరిచిపోయి, తలుపు లాగేసుకుని బయటికి వచ్చాడు.

మనిషి మంచివాడే. కాకపోతే దొంగల భయం. ఆయన లెక్కలో లోకంలో సగం మంది దొంగలు, మిగతా సగం మంది ఆ దొంగలకు కబుర్లు మోసేవాళ్ళు. వాళ్ళ వీధిలో ఇప్పటిదాకా పోయిన వస్తువు ఒకే ఒక్కటి, ఎదురింటివాళ్ళ గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా. దాన్ని కుక్క ఈడ్చుకెళ్ళడం అందరూ చూశారు. బావ మాత్రం ఆ కుక్క వెనక ఎవరో ఉన్నారంటాడు.

ఆ భయంతోనే కారు కొన్న కొత్తలో చక్రాలకు తాళం నట్లు వేయించాడు. ఒక్కో చక్రానికి మామూలు నట్లతో పాటు ఇలాంటిది ఒకటి. దీని మొహం మీద మెలికలు తిరిగిన గాడి ఉంటుంది. ఆ గాడిలో అచ్చంగా కూర్చునే ఉక్కు ముక్క ఒకటి విడిగా ఇస్తారు. దాన్ని గాడిలో పెట్టి, వెనక పానా తగిలించి తిప్పితేనే నట్టు కదులుతుంది. ఆ ముక్క లేకపోతే చక్రం దొంగకూ రాదు, సొంతదారుకూ రాదు. కొట్లో దాన్ని తాళం చెవి అన్నారు కాబట్టి బావ కూడా తాళం చెవి అనేవాడు. ఇంటికి తెచ్చిన రోజే జాగ్రత్త చేశాడు.

ఆ తర్వాత కారు టైర్లకు ఏ జబ్బూ రాలేదు. రాకరాక అక్క డ్రైవింగ్ పరీక్ష రోజున వచ్చింది.

నాది కారు సీట్లకు కవర్లు కుట్టే షాపు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నానో లేదో అక్క ఫోన్ చేసింది.

"నువ్వొకసారి రావే. టైరు పంక్చరైంది."

"స్టెప్నీ ఉందిగా?"

"ఉంది. చక్రం ఊడటం లేదు. తాళం చెవిని మీ బావ జాగ్రత్త చేశారు."

నేను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

అక్క నర్సు. ఇరవై ఏళ్ళుగా ఒకే ఆసుపత్రిలో, ఒకే వార్డులో, ఒకే మెట్లు ఎక్కి దిగి మోకాళ్ళు అరగదీసుకుంది. ఆ మధ్య వేరే సంస్థవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి మంచం పట్టినవాళ్ళను చూసే ఉద్యోగం ఇస్తామన్నారు. తనకు అదంటే ప్రాణం. వార్డులో ఎనభై మందికి సూదులు గుచ్చుతూ ఏ ఒక్కరి పేరూ గుర్తుండదని బాధపడే మనిషి. ఇళ్ళకు వెళ్తే మనుషులతో కూర్చుని మాట్లాడొచ్చంటుంది. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే, సొంతంగా కారు నడపాలి. సోమవారం లైసెన్సు చూపిస్తే ఉద్యోగం తనది, లేకపోతే వరసలో వెనకున్న అమ్మాయిది. పరీక్ష ఆ రోజు నాలుగింటికి. అది దాటితే మళ్ళీ వచ్చే నెలే. దరఖాస్తులో ఆ కారు నంబరే ఇచ్చింది కాబట్టి ఇంకొకరి కారు అడిగి తెచ్చుకునే దారి కూడా లేదు.

పైగా అప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి ముందుకు వెళ్ళమంటే వెనక్కి వెళ్ళింది. రెండోసారి కుక్క అడ్డొస్తే ఆగింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ కుక్క వెనక పిల్లలు వస్తాయేమోనని అలాగే ఆగి కూర్చుంది, పరీక్ష చేసే ఆయన కారు దిగి వెళ్ళిపోయేదాకా. ఈసారి తప్పితే ఇంక ప్రయత్నించనని నాతో చెప్పింది. అక్క అలాంటి మాటలు ఊరికే అనదు. అందుకే అన్నం వదిలేసి స్కూటర్ తీశాను.

నేను వెళ్ళేసరికి కారు ముందు చక్రం దగ్గర జాకీ ఎక్కి, మూతి పైకెత్తుకుని నిలబడి ఉంది. బావ బనీనుతో చెమటలు కక్కుతున్నాడు. మామూలు నట్లన్నీ వదులు చేసేశాడు. తాళం నట్టు ఒక్కటే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

లోపల ఇల్లు పీకి పందిరేసినట్టుంది. సోఫా దిండ్లు నేలమీద, బీరువా తలుపులు బార్లా, షూ అరలు బోర్లా. అక్క మంచం కింద దూరి ఉంది. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"చివరిసారి ఎక్కడ పెట్టారు బావా?" అని అడిగాను, వీలైనంత మర్యాదగా.

"మొదట బూటులో పెట్టాను" అన్నాడు. "దొంగలు ముందు బూట్లే చూస్తారని ఆఫీసులో ఒకాయన అన్నాడు. అందుకని తీసి పాత రేడియోలో పెట్టాను. మరి రేడియోనే ఎత్తుకుపోతే? అక్కడి నుంచి తీసి, దొంగ చచ్చినా చెయ్యి పెట్టని చోట పెట్టాను."

"ఎక్కడ?"

"అదే గుర్తు రావడం లేదు."

దొంగను మోసం చేయబోయి తనను తానే మోసం చేసుకున్న మనిషిని మొదటిసారి అంత దగ్గరగా చూశాను.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. నాన్న పోయాక అమ్మ అక్క దగ్గరే ఉంటోంది. చేతిలో తుప్పుపట్టిన తాళం చెవుల గుత్తి ఉంది.

"తాళం చెవి అంటున్నారుగా, వీటిలో చూడండి. ఇది నా ట్రంకు పెట్టెది. ఇది మన పాతింటి గేటుది. ఇదేమిటో నాకే తెలీదు."

"అమ్మా, ఇది కారు చక్రం తాళం."

"చక్రానికి తాళమేంటే? ఎక్కడికి పారిపోతుంది?" అంది అమ్మ. మళ్ళీ అల్లుడి వైపు చూసి, ఎక్కడ నొచ్చుకుంటాడోనని, "అల్లుడుగారు పెట్టారంటే ఏదో కారణం ఉండే ఉంటుంది" అని చేర్చింది.

ఇదొక వింత. వచ్చిన కొత్తలో అమ్మకు, బావకు మధ్య మాటలే ఉండేవి కావు. ఆయన హాల్లోకి వస్తే ఈవిడ వంటింట్లోకి వెళ్ళేది. ఒక ఏడాది నుంచి ఏమైందో, అమ్మ ముందు అల్లుణ్ణి ఒక్క మాట అననివ్వదు. నేను వేళాకోళం చేసినా కళ్ళెర్రజేస్తుంది. ఇద్దరూ కలిసి కూర్చుని కబుర్లు చెప్పుకుంటారా అంటే అదీ లేదు. ఆయనకు టీతో పాటు బిస్కట్లు మాత్రం ఎక్కువ పెడుతుంది.

ఆ రోజు కూడా ఒక పళ్ళెం నిండా బిస్కట్లు చేసి పెట్టింది, పరీక్ష పాసై వచ్చాక తినాలని. "తలా ఒకటి తీసుకోండి, ఖాళీ కడుపుతో వెతికితే ఏదీ కనిపించదు" అంది. నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. అమ్మ బిస్కట్లు ఈమధ్య అందంగా కూడా ఉంటున్నాయి, మధ్యలో పువ్వు ముద్రతో. ఆ పూట పువ్వుల్ని చూసే ఓపిక నాకు లేదు. వెతుకులాట కొనసాగింది.

కుండీలు ఎత్తి చూశాం. కర్టెన్లు దులిపాం. ఫ్యాను రెక్కల మీద కూడా చూశాడు బావ. పోయినేడాది జాగ్రత్త చేసిన గొడుగు దొరికింది. ఎప్పటిదో గోళ్ళు తీసుకునే కత్తెర దొరికింది. టార్చిలైటు కూడా దొరికింది. ఒక్కొక్కటి బయటపడినప్పుడల్లా బావ మొహం వెలిగి మళ్ళీ ఆరిపోయేది. అక్క మంచం అంచున కూర్చుని, పరీక్ష కోసం ఇస్త్రీ చేసుకున్న చీర మడతలు చేత్తో సవరిస్తూ ఉంది. అది చూసేసరికి నా కోపం నషాళానికి అంటింది.

బావ వాకిట్లో ఉన్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నిజం చెప్పండి. అక్క పరీక్షకి వెళ్ళడం మీకు ఇష్టం లేదు. అందుకే దాచారు."

బావ చేతిలో పానా కింద పెట్టాడు. ఆయనకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడూ రాలేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

"మీ అక్క కారెక్కితే తిరిగొచ్చేదాకా నా గుండె నా దగ్గర ఉండదు, నిజం" అన్నాడు. "ఆపాలనుకుంటే మొహం మీదే చెప్పేవాణ్ణి. నాకు భయం ఎక్కువే గానీ మనసులో విషం లేదు."

నోరు జారింది నాదే. కానీ క్షమాపణలు చెప్పుకుంటూ కూర్చోవడానికి టైము లేదు. ఫోన్ తీసి సుత్తి బాబాయికి చేశాను.

సుత్తి బాబాయి మా షాపు పక్కన టైర్ల షాపు నడుపుతాడు. ఆ పేరు చేతిలో ఉండే సుత్తి వల్ల వచ్చిందని ఆయన నమ్మకం. నోటి వల్ల వచ్చిందని వీధి మొత్తానికీ తెలుసు. ఆ రోజు ఊరి బయట లారీ ఏదో ఆగిపోతే బాగుచేయడానికి వెళ్ళాడు. సాయంత్రం దాకా రాలేనన్నాడు. అని ఊరుకుంటే ఆయన సుత్తి బాబాయి ఎలా అవుతాడు. తాళం నట్లు కనిపెట్టినవాణ్ణి, అమ్మేవాళ్ళను, కొనేవాళ్ళను, వాళ్ళ తాతల్ని వరసగా తలుచుకున్నాడు.

"బాబాయ్, నాలుగింటికి పరీక్ష" అన్నాను.

"అయితే విను. బండి జాకీ మీదుందా?"

"ఉంది."

"దించు. చక్రం నేలకి ఆనాలి, లేకపోతే నీతో పాటు అదీ తిరుగుద్ది. మిగతా నట్లు వదులు చేశారా?"

"చేశారు."

"మళ్ళీ గట్టిగా బిగించండి. నలుగురు మోసే బీరువాని ఒక్కడి నెత్తిన పెడితే వాడు బిగుసుకుపోక ఏం చేస్తాడు? ముందు వాడి బరువు దించండి."

ఇంతసేపూ మేం చేసింది సరిగ్గా తలకిందుల పని అన్నమాట. తర్వాతది ఇంకా విచిత్రంగా చెప్పాడు. నట్టు కంటే ఒక్క సైజు చిన్న సాకెట్, అంటే నట్టు మీద టోపీలా దిగే ఇనప గిన్నె తీసుకోవాలి, లోపల పళ్ళున్నది. అది మామూలుగా నట్టుకు పట్టదు. సుత్తితో కొట్టి పట్టించాలి. లోపలి పళ్ళు నట్టును కొరికి పట్టుకుంటాయి. అప్పుడు పొడుగాటి ఇనప గొట్టం తగిలించి, కుదుపు లేకుండా, నిదానంగా బలం పెట్టి తిప్పాలి. నట్టు పాడైపోతుంది, పోనివ్వాలి. దాని జాగాలో మామూలు నట్టు వేయాలి.

"సామానంతా నా షాపులో ఎర్ర పెట్టెలో ఉంది. కుర్చీ కింద చూడు. ఇంకో మాట. చక్రానికి గీతలు పడతాయి. మీ బావకి ముందే చెప్పు, లేకపోతే ఆయన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళాలి."

ఆ మాట వేళాకోళం కాదు. ఆ వెండిరంగు చక్రాలంటే బావకు కన్నబిడ్డలతో సమానం. సెలవు దొరికితే చాలు, పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో సందుల్లో దుమ్ము తీస్తుంటాడు.

స్కూటర్ మీద వెళ్ళి ఎర్ర పెట్టె తెచ్చాను. నా షాపులోంచి సుత్తి కూడా పట్టుకొచ్చాను. రెగ్జిన్ కవర్లకు ఇనప రింగులు దిగ్గొట్టే సుత్తి అది. చూడ్డానికి పొట్టిదే గానీ బరువు బాగా ఉంటుంది. అప్పటికే బావ కారు దించి నట్లన్నీ తిరిగి బిగించాడు. అక్క చీర కొంగు నడుముకు చుట్టి బిగించుకుని వచ్చి నిలబడింది.

సాకెట్ నట్టు మీద ఆనించి, సుత్తి ఎత్తి, బావ వైపు చూశాను.

"గీతలు పడతాయి" అన్నాను.

ఆయన చక్రం వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, అవి తుడవాల్సిన అవసరమేమీ లేకపోయినా.

"కొట్టు" అన్నాడు, కళ్ళు మూసుకుని.

కొట్టాను. మొదటి దెబ్బకు సాకెట్ ఎగిరి చక్రం అంచును గీసుకుంటూ మెట్ల దగ్గర పడింది. పొడుగాటి గీత పడింది. బావ కళ్ళు తెరవలేదు గానీ ఆ చప్పుడుకు భుజాలు ముడుచుకున్నాడు. రెండోసారి అక్క సాకెట్‌ను గుడ్డతో పట్టుకుంది. పసిపిల్లకు ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు చెయ్యి పట్టుకుంటుందే, అలా పట్టుకుంది, కదలనివ్వకుండా. ఈసారి దెబ్బ సూటిగా దిగింది. ఇంకోటి, ఇంకోటి. చప్పుడు మారింది. మొదట మోగిన ఇనుము తర్వాత మొద్దుగా పలికింది. సాకెట్ నట్టును కొరికి పట్టుకుంది.

సాకెట్ పిడికి ఇనప గొట్టం తగిలించి నేను లాగాను. రాలేదు. బావ లాగాడు. రాలేదు. ఇద్దరం కలిసి లాగాం. నా గాజు పగిలింది గానీ నట్టు కదల్లేదు. వాకిట్లో ఎండ మాడ్చేస్తోంది. అమ్మ గుమ్మంలో నిలబడి మంచినీళ్ళ చెంబు పట్టుకుని చూస్తోంది.

"తప్పుకోండి" అంది అక్క.

"నీ మోకాలు" అన్నాడు బావ.

"నా మోకాలు సంగతి నాకు తెలుసు. మీరిద్దరూ లాగుతున్నారు. దానికి కావాల్సింది బరువు." చెప్పులు విడిచి, కారు పైకప్పు పట్టుకుని, గొట్టం చివర పాదం పెట్టింది. "మంచం పట్టినవాళ్ళని ఇన్నేళ్ళు తిప్పి పడుకోబెట్టాను. చేత్తో లాగితే నా నడుం పోతుంది, వాళ్ళూ కదలరు. నా బరువు వాళ్ళకి అప్పగించాలి, అంతే."

అంటూ రెండో పాదం కూడా గొట్టం మీదికి ఎక్కించింది. గొట్టం కొంచెం వంగింది. అక్క గాలిలో నిలబడ్డట్టు నిలబడింది. ఏమీ జరగలేదు.

టక్‌మంది.

నట్టు విరిగిపోయిందేమో అనుకున్నాను. కానీ గొట్టం నిదానంగా కిందికి దిగుతోంది, దాని మీద అక్క కూడా, లిఫ్టులో దిగే మనిషిలా. పాదాలు నేలకు ఆనాక అక్క మా వైపు తిరిగింది. ఆ మొహం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ అంత వెలుగుతో ఎప్పుడూ చూడలేదు.

"ఊడింది" అంది మెల్లగా, ఎవరో నిద్రపోతుంటే చెప్పినట్టు.

అమ్మ చెంబు కింద పెట్టి చప్పట్లు కొట్టింది. నేను అక్కను కావలించుకున్నాను. నా చేతుల గ్రీజంతా తన చీరకు అంటింది. బావ మాత్రం వంగి, ఊడిన నట్టు ఉన్న సాకెట్‌ను అరచేతిలో పట్టుకుని, "ఇదా ఇంతసేపు మనల్ని ఏడిపించింది" అన్నాడు. తర్వాత గబగబా జాకీ ఎక్కించి, స్టెప్నీ వేసి, ఎర్ర పెట్టెలోంచి మామూలు నట్టు తీసి బిగించాడు. చక్రం మీద గీతను ఒక్కసారి వేలితో తడిమాడు. ఒక్కసారే.

చీర మార్చుకోవడానికి వ్యవధి లేకపోయింది. బావ అక్క పక్క సీట్లో, నేను వెనక. దారి పొడుగునా బావ బ్రేకు లేని చోట కాలితో బ్రేకు వేస్తూనే ఉన్నాడు. కానీ నోరు విప్పలేదు.

పరీక్ష చేసే ఆయన ముందటి ఆయనే. అక్కను గుర్తుపట్టాడు. గ్రీజు మరకల చీర చూశాడు, స్టీరింగ్ మీద నల్లబడ్డ చేతులు చూశాడు.

"ఏమైందమ్మా?"

"చక్రం మార్చి వచ్చానండి" అంది అక్క, దుప్పటి మార్చి వచ్చానన్నంత మామూలుగా.

మేమిద్దరం గోడ పక్కన నిలబడి చూశాం. కారు ముందుకు వెళ్ళమంటే ముందుకు వెళ్ళింది. వెనక్కి రమ్మంటే రెండు గుంజల మధ్యలోకి, ఏ గుంజనూ ముట్టుకోకుండా, నిదానంగా వచ్చి కూర్చుంది. ఎత్తు మీద ఆపి మళ్ళీ తీయమన్నాడు. ఈసారి కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు. అక్కకు ఆ పూట బరువును నమ్మడం తెలిసిపోయింది. మధ్యలో కుక్క కూడా వచ్చింది. ఆగింది, కుక్క వెళ్ళింది, అక్కా వెళ్ళింది.

ఆయన దిగి, తలుపు వేసి, "పాసయ్యారు" అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "చక్రం మార్చడం మా ఇంట్లో కూడా ఒకరికి నేర్పాలి" అన్నాడు. బావ ఏం చేశాడంటే, అందరి ముందు, గోడ పట్టుకుని ఏడ్చేశాడు. నేను రుమాలు ఇచ్చాను. గాల్లో తేలుతున్న అక్క కారు దిగి వచ్చి, "ఏమండీ, ఇంటికి పోదామా? నేను నడుపుతా" అంది.

ఇంటికొచ్చాక మిగిలిన మూడు తాళం నట్లు కూడా ఆ పూటే తీసేద్దామంది. సోమవారం ఎక్కడో రోగి ఇంటి ముందు టైరు పోతే మళ్ళీ ఈ బాధ పడలేనంది. ఇప్పుడు మాకు పని తెలుసు. సాకెట్ పట్టుకోవడం అక్క వంతు, కొట్టడం నా వంతు, కొత్త నట్టు బిగించడం బావ వంతు. రెండు నట్లు చకచకా ఊడాయి. ఆఖరి చక్రం దగ్గరికి వచ్చేసరికి అమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది.

"పాసయ్యాక తినాల్సినవి. ఆపి తినండి" అంది.

ఒక బిస్కట్ తీసుకుని ఆ చక్రం ముందు చతికిలబడ్డాను. ఎదురుగా తాళం నట్టు, ఇంకా దెబ్బ తగలనిది, చెక్కుచెదరని మొహంతో. చేతిలో బిస్కట్, మధ్యలో పువ్వు. కొరకబోయి ఆగాను. బిస్కట్ మీద పువ్వుకు ఒక రేకు నొక్కుకుపోయి ఉంది, పక్క రేకు సాగి ఉంది. నట్టు మొహం మీద గాడికి ఒక మెలిక నొక్కుకుపోయి ఉంది, పక్క మెలిక సాగి ఉంది. బిస్కట్‌ను నట్టు పక్కన పెట్టి చూశాను. ఒకే పువ్వు.

నా పక్కన వంగి ఉన్న బావ కూడా చూశాడు. ఆయన నోట్లో బిస్కట్ అలాగే ఆగిపోయింది. దొంగ చచ్చినా చెయ్యి పెట్టని చోటు ఆ క్షణంలో గుర్తొచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది.

"పిండి డబ్బా" అన్నాడు, నాకు మాత్రమే వినిపించేలా.

నేను లేచి అమ్మ దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, ఈ పువ్వు దేనితో వేస్తున్నావు?"

అమ్మ అల్లుడి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. తగ్గించానని తను అనుకుంటుంది గానీ వాకిలంతా వినిపిస్తుంది.

"అచ్చు. అల్లుడుగారు తెచ్చారు. ఇదిగో అని చేతికివ్వలేదు, సిగ్గరి మనిషి కదా. పిండి తీసేటప్పుడు నా చేతికి తగలాలని డబ్బాలో పెట్టి ఊరుకున్నారు. ఎంత మంచి ఉక్కో. వేడినీళ్ళలో మరిగించి దాచుకున్నాను." పళ్ళెం ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నేనిక్కడికి వచ్చిన కొత్తలో ఆయనకి బరువయ్యానేమో అనుకునేదాన్ని. పెట్టె కూడా సర్దుకున్నాను, నీ దగ్గరికి వచ్చేద్దామని. అది చేతికి తగిలిన రోజు పెట్టె విప్పేశాను. నాకంటూ ఒకటి కొనాలని ఆయనకి తోచిందిగా, చాలనుకున్నాను."

ఏడాదిగా ఆ ముక్క అమ్మ చేతిలోనే ఉంది. మేం తాళం చెవి అని ఇల్లంతా వెతికాం. అమ్మ తన దగ్గరున్న తాళం చెవులన్నీ తెచ్చి చూపించింది కూడా. అచ్చు ఏదని ఒక్కరమూ అడగలేదు.

వెనక్కి తిరిగాను. అక్క సాకెట్ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది, అంతా విని. బావ నేల చూస్తున్నాడు, చెవులు ఎర్రగా అయిపోయి. వంటింట్లోకి వెళ్ళి ఆ ముక్క తెస్తే ఆఖరి నట్టు రెండు తిప్పులకే వచ్చేస్తుంది, చక్రానికి గీత పడదు. మిగతా మూడు చక్రాలూ పాడయ్యాయి. ఇదొక్కటే ఇంకా అద్దంలా మెరుస్తోంది.

బావ లేచి నా చేతిలో సుత్తి తీసుకున్నాడు.

"పట్టుకో" అన్నాడు అక్కతో.

అక్క మారు మాట్లాడకుండా సాకెట్ నట్టు మీద ఆనించింది. ఈసారి బావ కళ్ళు మూసుకోలేదు. తను తోమి తోమి మెరిపించిన చక్రం మీద తనే కొట్టాడు. మొదటి దెబ్బ కాస్త పక్కకు పోయి పెద్ద సొట్ట పడింది. ఆయన చలించలేదు. ఇంకోటి కొట్టాడు. పువ్వు నలిగిపోయింది. అక్క గొట్టం ఎక్కింది. టక్‌మంది. ఊడొచ్చిన నట్టును బావ చెత్తబుట్టలో పడేసి, మామూలు నట్టు బిగించి, చేతులు దులుపుకుని, పళ్ళెంలోంచి రెండు బిస్కట్లు తీసుకున్నాడు. ఏనుగునెక్కి వచ్చినవాడిలా ఉన్నాడు.

"ఇంతకీ తాళం చెవి దొరికిందా అల్లుడుగారూ?" అని అడిగింది అమ్మ.

"లేదు అత్తయ్యగారూ. ఇక దాంతో పని లేదు."

"పోనీలెండి. ఎక్కడో జాగ్రత్తగానే ఉంటుంది" అంది అమ్మ, ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్తూ.

మా బావ జాగ్రత్త చేసిన వస్తువు నిజంగా జాగ్రత్తగా ఉండటం అదే మొదటిసారి.